చిన్న పైకప్పులు

ద్రావా నది మీద పొగమంచు ఇంకా లేవలేదు.
మారిబోర్‌లో మూడో అంతస్తు,
హీటరుకు ఆనించిన బల్ల,
దాని మీద ష్తెఫ్కా జెర్యావ్ కొత్త కంప్యూటరు.
పక్కింటి తీలెన్ పెన్‌డ్రైవుతో వచ్చాడు.
అందులో, వాడు పుట్టకముందే
పని మానేసిన అక్షరాలు.

వాడికిదొక సరదా.
ఎనిమిది చుక్కల వెడల్పు, పదహారు చుక్కల ఎత్తు,
మెట్లు మెట్లుగా దిగే సున్నా,
మోకాళ్ళు పొడుచుకొచ్చిన ఎస్సు.
"ఇప్పటి ఫాంట్లు సబ్బుపెట్టి తోమినట్టుంటాయి, గొస్పా ష్తెఫ్కా,
వీటికైతే ఎముకలు కనిపిస్తాయి."

ఆమెకు సరదా లేదు. ఒక ఫైలుంది.
అద్దకం మిల్లు మూసేసిన ఏడాది జాబితా,
నూట పన్నెండు పేర్లు,
తను టైపు చేసినవే.
ఇప్పుడు తెరిస్తే
తన పేరు మొదట్లో తెరిచిన బ్రాకెట్టు
(తెరిచారు, ఎవరూ మూయలేదు),
ఇంటిపేరు మొదట్లో ఈమెయిళ్ళలో ఉండే గుర్తు,
తోక చుట్టుకున్నది, వాళ్ళు కోతిపిల్ల అంటారు.
నల్లరంగు తొట్టి దగ్గర పనిచేసినవాళ్ళకు
నలుపు అన్న మాట ముందు
ఒక చిన్న అల,
ఎవరో ఇంకా రంగు కలుపుతున్నట్టు.

ఆనాటి యంత్రాలు పరాయిచోట పుట్టాయి.
ఈ నేల అక్షరాలకు వాటిలో చోటు లేదు.
కిటికీలోంచి రుమాలు వేసి
బస్సులో సీటు పట్టినట్టు
ఎవరూ పెద్దగా వాడని గుర్తుల్ని లేపి
ఆ సీట్లలో కూర్చున్నాయి.
తరవాత కొత్త బస్సొచ్చింది, అందరికీ సీట్లున్నది.
పాత ఫైలుకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

"ఒక్క నిమిషం," అన్నాడు తీలెన్,
"గుర్తులన్నీ మార్చేసే ప్రోగ్రాం రాసేస్తా."
"ఫైలు ముట్టుకోకు. ఫాంటు మాత్రం పెట్టు."

కుడి మీట. ఇన్‌స్టాల్.
కాఫీ ఒక గుక్క తాగేలోపు
బ్రాకెట్టు లేచి నిలబడి 'ష' అయింది.
కోతిపిల్ల తోక విప్పుకుంది.
అక్షరాల నెత్తిన ఒక్కొక్కటే వచ్చి వాలాయి,
మనమైతే తలకట్లనుకుంటాం,
వాళ్ళు చిన్న పైకప్పులంటారు.
తలకిందులైన కప్పులే అయినా
కిందున్నవాళ్ళకు కప్పులే.

జగర్. జెలెజ్నిక్. జెర్యావ్. జుంకో.
ఆమె పెదవులు కదిలాయి, గొంతు కదలలేదు.

"వరస తప్పింది కదా," వాడన్నాడు,
"మన అక్షరమాలలో ఇది ఆఖరిది.
జాబితాలో మొదటికెలా వచ్చింది?"

బడిలో పాలగ్లాసుకి ఆఖరు,
టీకా సూదికి ఆఖరు (అదొక్కటే సుఖం),
మిల్లు క్యాంటీన్లో సూపు అడుగంటాక
జెర్యావ్, జుంకో.
జీవితంలో ఒక్కసారి ముందు నిలబడ్డారు.
కోతిపిల్లకు యంత్రం ఇచ్చిన నంబరు
'ఏ' కన్నా ఒకటి తక్కువ.
మేనేజరు జాబితా పైనుంచి కిందికి చదివాడు,
వారానికి ఇరవై ఉత్తరాలు.
వరస పెట్టే మీట
నొక్కింది ఈ వేలే.

వాడికి ఇంత చెప్పలేదు.
"అలాగే ఉండనీ. అలాగే జరిగింది," అంది.

వాడు కాసేపు కీబోర్డు మీది దుమ్ము ఊదాడు.
తరవాత ఉలిక్కిపడ్డాడు:
కొత్త ఫాంటు మెయిల్లోకీ పాకింది!
బ్యాంకు చిరునామా, పళ్ళ డాక్టరు చిరునామా,
తీలెన్ చిరునామా,
అన్నిటి నడుమా కోతిపిల్ల పోయి
కప్పు పెట్టుకున్న ఆ అక్షరం.
"అయ్యో, దీన్ని తీసేస్తా."

ష్తెఫ్కా నవ్వింది, దగ్గొచ్చేదాకా.
"తీయకు.
జుంకోకి ఇవాళే ఫోన్ చెయ్యాలి.
లోకంలో ఎవరికి ఉత్తరం రాసినా
ఇకనుంచి
మనవాళ్ళొకరు మధ్యలో కూర్చుని ఉంటారని."